సోర్స్ నుంచి ఫ్లైట్‌గేర్: స్వేచ్ఛా పరికరాలతో ఒక విమాన సిమ్యులేటర్‌ను కట్టుకోవడం

(ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఫ్లైట్‌గేర్ అనే విమాన సిమ్యులేటర్‌ను నడపాలనుకునే వ్యక్తికి దాని సోర్స్ కోడ్‌తో, అంటే మనుషులు రాసిన అసలు ప్రోగ్రామ్ పాఠంతో, పని లేదు. విండోస్‌కూ మ్యాక్‌కూ లినక్స్‌కూ సిద్ధంగా కట్టి ఉంచిన ప్యాకేజీలు దొరుకుతాయి. వాటిలో ఒకదాన్ని డౌన్‌లోడ్ చేసి, ఇన్‌స్టాల్ చేసుకుని, సెస్నా 172పి విమానాన్ని ఎంచుకుని ఇంజన్ స్టార్ట్ చేయవచ్చు. అలాంటప్పుడు లక్షల వరసల సీ ప్లస్ ప్లస్ కోడ్‌ను తెచ్చుకుని, మన కంప్యూటర్‌లో మనమే కంపైల్ చేయవలసిన, అంటే యంత్రం నడపగల రూపానికి మార్చవలసిన, అవసరం ఏమిటని ఎవరైనా అడిగితే అది న్యాయమైన ప్రశ్నే.

దానికి జవాబు ఈ ప్రోగ్రామ్ లైసెన్సులోనే ఉంది. ఫ్లైట్‌గేర్ జీఎన్‌యూ జనరల్ పబ్లిక్ లైసెన్సు రెండో వెర్షన్ కింద వెలువడుతోంది. 1991లో వచ్చిన ఆ లైసెన్సు మూడో సెక్షన్, బైనరీని (కంపైల్ చేయగా వచ్చిన నడిచే రూపాన్ని) పంచేవారు దానితో పాటు అందించవలసిన పూర్తి సోర్స్ కోడ్ అంటే ఏమిటో నిర్వచిస్తుంది. ప్రోగ్రామ్‌లోని మాడ్యూళ్లన్నిటి కోడ్ ఇస్తే సరిపోదనీ, కంపైల్ చేయడాన్నీ ఇన్‌స్టాల్ చేయడాన్నీ నడిపించే స్క్రిప్టులు కూడా ఇవ్వాలనీ అక్కడ స్పష్టంగా ఉంది. ఆపరేటింగ్ సిస్టమ్‌తో మామూలుగా వచ్చే కంపైలర్, కెర్నెల్ వంటి ప్రధాన భాగాలకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. చదువుకోవడానికి పనికివచ్చి కట్టుకోవడానికి పనికిరాని కోడ్‌ను ఆ లైసెన్సు పూర్తి కోడ్‌గా ఒప్పుకోదన్నమాట. ఈ నిబంధనను రాసినవారికి ఆచరణలో వచ్చే చిక్కు బాగా తెలుసుననే నేను అనుకుంటాను. కోడ్ అందరికీ కనబడుతూ ఉండటం వేరు, ఆ కోడ్ నుంచి నడిచే ప్రోగ్రామ్‌ను తీసుకురాగలగడం వేరు. ఈ రెండో పనిలోని కష్టం చాలామంది అనుకున్నట్టు కంపైలర్‌లో ఉండదు. వేర్వేరు మనుషులు వేర్వేరు కాలాల్లో రాసిన భాగాలను ఒకే కాలానికి తెచ్చి కుదర్చడంలో ఉంటుంది. ఈ రోజు నేను చెప్పేదంతా ఆ కుదర్చడం గురించే.

ఆ భాగాలు ఎలా వచ్చి చేరాయో కొంత చరిత్ర చెప్పుకోవాలి. 1996లో డేవిడ్ మర్ ఇంటర్నెట్‌లో పెట్టిన ఒక ప్రతిపాదనతో ఈ ప్రాజెక్టు మొదలైంది. గ్రాఫిక్స్ కోడ్ మొత్తాన్ని సొంతంగా రాసుకోవాలన్న తొలి ఆలోచన ముందుకు సాగలేదు. తరువాత కర్టిస్ ఓల్సన్ పూనుకుని, ఓపెన్‌జీఎల్ అనే గ్రాఫిక్స్ ప్రమాణం ఆధారంగా పనిని తిరిగి మొదలుపెట్టి నిలబెట్టారు. విమానం ఎగిరే తీరును లెక్కగట్టడానికి నాసా వారి లాంగ్లీ పరిశోధన కేంద్రంలో బ్రూస్ జాక్సన్ రాసిన లార్క్‌సిమ్‌ను మొదట తీసుకున్నారు. ఆ తరువాత జాన్ బెర్న్ట్ ప్రారంభించిన జేఎస్‌బీసిమ్ ప్రధాన స్థానానికి వచ్చింది. దృశ్యాలను గీసే పని చాలాకాలం పీలిబ్ అనే లైబ్రరీ (ఇతర ప్రోగ్రాములు వాడుకునే సిద్ధపు కోడ్) చేసింది. 2007 డిసెంబరులో వచ్చిన 1.0 రిలీజు వరకు పీలిబ్ ఉంటే, 2008 డిసెంబరు నాటి 1.9 రిలీజులో దాని స్థానాన్ని ఓపెన్‌సీన్‌గ్రాఫ్ ఆక్రమించింది. సోర్స్ కోడ్‌ను భద్రపరిచే వ్యవస్థ 2010లో సీవీఎస్ నుంచి గిట్‌కు మారింది. కంపైలింగ్‌ను నడిపించే వ్యవస్థ కూడా ఆటోటూల్స్ నుంచి సీమేక్‌కు మారింది.

ఈ తేదీలు చరిత్ర మీద మక్కువతో చెప్పడం లేదు. ఫ్లైట్‌గేర్‌ను ఎలా కంపైల్ చేయాలో చెప్పే సూచనలు ఇంటర్నెట్ నిండా ఉన్నాయి. వాటిలో చాలా భాగం పాతవి, పైగా పాతవన్న సంగతి వాటి మీద రాసి ఉండదు. ఒక సూచనలో ఆటోటూల్స్ వాడే కాన్ఫిగర్ స్క్రిప్టును నడపమని ఉంటే అది సీమేక్ రాకముందు నాటిదని, సీవీఎస్ చెకౌట్ గురించి ఉంటే 2010కి ముందుదని, దృశ్యాల కోసం పీలిబ్‌ను జాగ్రత్తగా కట్టమని ఉంటే 1.9 కంటే వెనకటిదని గుర్తుపట్టాలి. ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. జాయ్‌స్టిక్‌ల కోసం, మెనూల కోసం పీలిబ్‌లోని కొన్ని భాగాలు 1.9 తరువాత కూడా చాలా రిలీజులలో కొనసాగాయి. కాబట్టి పీలిబ్ పేరు కనబడినంత మాత్రాన సూచనను పక్కన పడేయకుండా, దానిని ఏ పనికి వాడమన్నారో చూడాలి. సూచన వయసు తెలియకుండా అందులోని కమాండ్లను టెర్మినల్‌లోకి కాపీ చేసేవారే ఎక్కువగా ఇబ్బంది పడతారు.

ఇక పరికరాలకు వద్దాం. రిచర్డ్ స్టాల్‌మన్ 1987లో విడుదల చేసిన జీసీసీ కంపైలర్, దాని తరువాత వచ్చిన క్లాంగ్, ఈ రెండిటిలో ఏదైనా ఫ్లైట్‌గేర్‌కు సరిపోతుంది. కోడ్ తెచ్చుకోవడానికి గిట్ కావాలి, దానిని లినస్ టోర్వాల్డ్స్ 2005లో మొదలుపెట్టారు. ఏ ఫైలును ఏ క్రమంలో కంపైల్ చేయాలో నిర్ణయించి, ఆ ప్రణాళికను రాసిపెట్టడానికి సీమేక్, దానిని అమలు చేయడానికి మేక్ లేదా నింజా ఉంటాయి. లోపలికి తొంగి చూడటానికి జీడీబీ అనే డీబగ్గర్ ఉంది. వీటిలో దేనికీ డబ్బు కట్టనక్కరలేదు. అంతకంటే ముఖ్యమైన సంగతి, వీటి సోర్స్ కోడ్ కూడా తెరిచే ఉంటుంది.

విండోస్ మీద పనిచేసేవారి పరిస్థితి కొంచెం వేరు. మైక్రోసాఫ్ట్ 2005లో విజువల్ సీ ప్లస్ ప్లస్ ఎక్స్‌ప్రెస్ అనే పరిమిత రూపాన్ని డబ్బు తీసుకోకుండా ఇవ్వడం మొదలుపెట్టింది. 2014 నుంచి విజువల్ స్టూడియో కమ్యూనిటీ ఎడిషన్‌ను వ్యక్తులకూ ఓపెన్ సోర్స్ పనులకూ ఉచితంగా అనుమతిస్తోంది. దానితో ఫ్లైట్‌గేర్ చక్కగా కంపైల్ అవుతుంది. అయితే ఆ కంపైలర్‌ను మనం మార్చలేం, దాని షరతులు మారితే మనం చేయగలిగింది కూడా లేదు. లైసెన్సు పరంగా ఇందులో దోషం లేకపోయినా, సిమ్యులేటర్ కోడ్ మొత్తం తెరిచి ఉండి, దాన్ని నిర్మించే పరికరం మూసి ఉండటం నాకు సగం పనిగానే తోస్తుంది. మింగ్‌డబ్ల్యూ ద్వారా జీసీసీని విండోస్ మీదే వాడే దారి ఒకటి ఉంది గాని, అక్కడ ఒక గట్టి నియమం గుర్తుంచుకోవాలి. సీ ప్లస్ ప్లస్‌లో ఫంక్షన్ల పేర్లను లింకర్ (కంపైల్ అయిన భాగాలను ఒకే ప్రోగ్రామ్‌గా కలిపే పరికరం) కోసం మార్చి రాసే పద్ధతి ఈ రెండు కంపైలర్లలో వేర్వేరుగా ఉంటుంది. అందువల్ల ఒకదానితో కట్టిన సీ ప్లస్ ప్లస్ లైబ్రరీని రెండోదానితో కట్టిన ప్రోగ్రామ్‌లో అతికించలేం. ఒకే కంపైలర్‌లో కూడా 32 బిట్ లైబ్రరీలను 64 బిట్ ప్రోగ్రామ్‌తో కలపలేం. విజువల్ స్టూడియోలోనైతే డీబగ్ రకంగా కట్టిన లైబ్రరీలను రిలీజ్ రకం ప్రోగ్రామ్‌తో కలపకూడదు. మొదటిసారి ప్రయత్నించేవారు లినక్స్ మీద మొదలుపెట్టడం మేలని నేను చెప్పడానికి ఇదే కారణం. అక్కడ కావలసిన లైబ్రరీలన్నీ ఒకే కంపైలర్‌తో, ఒకే పద్ధతిలో కట్టి డిస్ట్రిబ్యూషన్‌లోనే (లినక్స్‌ను ప్యాకేజీలతో కలిపి అందించే సంకలనంలోనే) సిద్ధంగా ఉంటాయి.

ఇప్పుడు అసలు విషయం. ఫ్లైట్‌గేర్ అనే పేరుతో మనం పిలిచేది ఒక్క ప్రోగ్రామ్ కాదు. అట్టడుగున ఓపెన్‌సీన్‌గ్రాఫ్ ఉంది. త్రీడీ దృశ్యాన్ని ఒక చెట్టు రూపంలో అమర్చి, గ్రాఫిక్స్ కార్డుకు అందించడం దాని పని, అది సిమ్యులేటర్ల కోసం మాత్రమే రాసినది కాదు. దాని మీద సిమ్‌గేర్ ఉంది. ఆకాశం, మేఘాలు, భూగోళం మీది అక్షాంశ రేఖాంశాల లెక్కలు, ప్రాపర్టీల చెట్టు (సిమ్యులేటర్ స్థితిని తెలిపే విలువల అమరిక), నాసల్ అనే స్క్రిప్టు భాషను నడిపే భాగం, ఇలాంటి పునాదులన్నీ ఆ లైబ్రరీలో ఉంటాయి. దాని మీద ఫ్లైట్‌గేర్ అసలు ప్రోగ్రామ్ వస్తుంది, దాని బైనరీ పేరు ఎఫ్‌జీఎఫ్ఎస్. వీటన్నిటికీ పక్కన ఎఫ్‌జీడేటా అనే నాలుగో భాగం ఉంటుంది. అది కంపైల్ చేసేది కాదు. విమానాశ్రయాల సమాచారం, షేడర్లు (గ్రాఫిక్స్ కార్డు మీద నడిచే చిన్న ప్రోగ్రాములు), శబ్దాలు, డైలాగ్ బాక్సుల వర్ణనలు, నాసల్ స్క్రిప్టులు అందులో ఉంటాయి, దాని పరిమాణం గిగాబైట్లలో ఉంటుంది. మార్పుల చరిత్రంతా అక్కరలేనివారు గిట్ క్లోన్ చేసేటప్పుడు, అంటే ప్రతిని తెచ్చుకునేటప్పుడు, డెప్త్ ఒకటి అని పరిమితి పెట్టుకుంటే తాజా రూపం మాత్రమే వచ్చి డౌన్‌లోడ్ బాగా తగ్గుతుంది. శబ్దానికి ఓపెన్‌ఏఎల్, నెట్‌వర్క్‌కు కర్ల్, లాంచర్ విండోకు క్యూట్, ఇంకా జెడ్‌లిబ్, బూస్ట్ వంటివి కూడా కావాలి గాని, వాటిని డిస్ట్రిబ్యూషన్ ప్యాకేజీల నుంచే తీసుకోవాలి. వాటిని కూడా సోర్స్ నుంచి కట్టాలన్న పట్టుదల అనవసరం.

సిమ్‌గేర్, ఫ్లైట్‌గేర్, ఎఫ్‌జీడేటా, ఈ మూడూ మూడు వేర్వేరు గిట్ రిపాజిటరీలు (కోడ్‌ను దాని మార్పుల చరిత్రతో సహా దాచే నిల్వలు). మూడూ ఒకే బ్రాంచి (మార్పులు వరసగా చేరే ఒక శాఖ) మీద ఉండటం తప్పనిసరి. రోజువారీ మార్పులు చేరే బ్రాంచి పేరు నెక్స్ట్. స్థిరమైన రిలీజులకు వాటి సంఖ్యలతో బ్రాంచిలు ఉంటాయి, ఉదాహరణకు దీర్ఘకాలం నిలబెట్టిన 2020.3. ఫ్లైట్‌గేర్‌ను నెక్స్ట్ మీద, సిమ్‌గేర్‌ను 2020.3 మీద ఉంచి కంపైల్ చేస్తే, సిమ్‌గేర్‌లో ఇంకా పుట్టని ఫంక్షన్‌ను ఫ్లైట్‌గేర్ పిలుస్తుంది. కంపైలర్ అలాంటి ఫంక్షన్ లేదని చెబుతుంది. చెప్పినందుకు మనం సంతోషించాలి, ఎందుకంటే డేటా విషయంలో అలా చెప్పేవారు ఉండరు. సీ ప్లస్ ప్లస్ కోడ్‌కూ ఎఫ్‌జీడేటాకూ మధ్య పొంతన ఉందో లేదో కంపైలర్‌కు తెలియదు. అందుకే ఎఫ్‌జీడేటాలో వెర్షన్ అనే పేరుతో ఒక చిన్న ఫైలు పెట్టారు. ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు ఆ ఫైలులోని సంఖ్యను చదివి, తన సంఖ్యతో పోల్చుకుంటుంది. కుదరకపోతే అక్కడే ఆగిపోతుంది. ఆ ఫైలులోని అంకెను చేత్తో మార్చి ముందుకు వెళ్లే ఉపాయం కొందరు చెబుతుంటారు. అలా చేస్తే తనిఖీ తప్పుతుంది, పొంతన మాత్రం రాదు. తరువాత ఎప్పుడో ఒక డైలాగ్ బాక్సు ఖాళీగా తెరుచుకున్నప్పుడు, ఒక షేడర్ పనిచేయక నేలంతా నల్లగా కనబడినప్పుడు కారణం వెతకడం మరింత కష్టమవుతుంది.

ఇదే చోట గమనించవలసిన మరొక సంగతి ఉంది. సిమ్‌గేర్ మామూలుగా స్టాటిక్ లైబ్రరీలుగా కంపైల్ అవుతుంది, అంటే దాని కోడ్ ఎఫ్‌జీఎఫ్ఎస్ బైనరీ లోపలే కలిసిపోతుంది. కాబట్టి సిమ్‌గేర్‌లో ఒక వరస మార్చి, దానిని కంపైల్ చేసి, ఇన్‌స్టాల్ చేసినంత మాత్రాన సిమ్యులేటర్‌లో మార్పు కనబడదు. ఫ్లైట్‌గేర్‌ను కూడా మళ్లీ లింక్ చేయాలి. మార్పు చేశాను, ఫలితం లేదు అని అనేవారిని నేను మొదట అడిగే ప్రశ్న ఇదే.

కంపైల్ చేయడంలో మొదటి అంకం సీమేక్ కాన్ఫిగరేషన్. సోర్స్ ఫోల్డర్ లోపలే కంపైల్ చేయకుండా, దాని పక్కన బిల్డ్ కోసం వేరే ఫోల్డర్ పెట్టుకోవాలి. అప్పుడు ఏదైనా చెడితే ఆ ఫోల్డర్‌ను తీసివేసి మళ్లీ మొదలుపెట్టవచ్చు, సోర్స్ శుభ్రంగా ఉంటుంది. ఎక్కడ ఇన్‌స్టాల్ చేయాలో చెప్పే ఇన్‌స్టాల్ ప్రిఫిక్స్ అనే అమరికను మన హోమ్ ఫోల్డర్‌లోని ఒక చోటికి చూపించాలి. సిస్టమ్ ఫోల్డర్లలోకి ఇన్‌స్టాల్ చేస్తే డిస్ట్రిబ్యూషన్ నుంచి వచ్చిన పాత ఫ్లైట్‌గేర్‌తో, పాత సిమ్‌గేర్ హెడర్లతో (లైబ్రరీలో ఏ ఫంక్షన్లున్నాయో కంపైలర్‌కు చెప్పే ఫైళ్లతో) ఇది కలగాపులగం అవుతుంది. ఇలా కలిసిపోయిన తరువాత ఏ హెడర్ ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చడం పెద్ద తలనొప్పి. పైగా హోమ్ ఫోల్డర్‌లో ఉంటే అడ్మినిస్ట్రేటర్ హక్కులతో పనే లేదు.

బిల్డ్ రకాన్ని ఎంచుకోవడం మీద ఒక మాట చెప్పాలి. డీబగ్ రకంలో ఆప్టిమైజేషన్ (వేగం కోసం కోడ్‌ను మెరుగుపరచడం) ఉండదు, అందుచేత సెకనుకు గీసే ఫ్రేముల సంఖ్య పడిపోతుంది. అది చూసి ఫ్లైట్‌గేర్ మందకొడిగా ఉందని నిర్ణయానికి వచ్చేవారు ఉన్నారు. రిలీజ్ రకంలో వేగం ఉంటుంది గాని, ప్రోగ్రామ్ కూలిపోతే ఏ వరసలో కూలిందో తెలియదు. రెల్‌విత్‌డెబ్ ఇన్ఫో అనే మూడో రకం ఆప్టిమైజ్ చేసిన కోడ్‌తో పాటు డీబగ్ సమాచారాన్ని కూడా ఉంచుతుంది. డిస్కులో ఎక్కువ చోటు తీసుకున్నా, సోర్స్ నుంచి కట్టుకునేవారికి ఇదే తగినదని నా అభిప్రాయం. సోర్స్ నుంచి కట్టుకుని, కూలిపోయినప్పుడు కారణం చూడలేని స్థితిలో ఉండటం అర్థం లేని పని.

సీమేక్ తాను కనుగొన్న విషయాలన్నిటినీ కాష్ ఫైలులో రాసుకుంటుంది. ఒక లైబ్రరీ దొరకలేదని ఒకసారి రాసుకుంటే, మీరు ఆ లైబ్రరీని ఇన్‌స్టాల్ చేసి మళ్లీ నడిపినా కొన్నిసార్లు పాత నమోదునే పట్టుకుని ఉంటుంది. అలాగే పాత చోటి నుంచి లైబ్రరీని తీసివేసి కొత్త చోట పెట్టినా పాత దారినే చూపిస్తుంది. కాన్ఫిగరేషన్ అర్థం లేకుండా ప్రవర్తిస్తున్నప్పుడు ఆ కాష్‌ను తొలగించి మొదటి నుంచి నడపాలి. సీమేక్ చివర్లో వచ్చే సందేశాలను మాత్రమే చూసి విజయవంతమైందనుకోకూడదు. ఐచ్ఛికమైన భాగాలు దొరకకపోతే అది తప్పుగా ప్రకటించదు, ఆ భాగాన్ని వదిలేసి ముందుకు సాగుతుంది. క్యూట్ దొరకకపోతే లాంచర్ లేని ఎఫ్‌జీఎఫ్ఎస్ తయారవుతుంది. అంతా సజావుగా పూర్తయిందనుకున్న వ్యక్తి లాంచర్ ఎందుకు తెరుచుకోవడం లేదో తెలియక తికమకపడతాడు. 2020.3 రిలీజులో కంపోజిటర్ అనే కొత్త చిత్రణ పద్ధతి కూడా ఇలాగే సీమేక్ ఆప్షన్‌గా ఉండేది. దానిని కంపైల్ చేసేటప్పుడే ఆన్ చేయాలి, తరువాత మెనూలోంచి తెచ్చుకోలేం.

రెండో అంకం కంపైలింగ్. దీని గురించి చెప్పవలసింది తక్కువ, ఎందుకంటే పని చేసేది యంత్రం. మేక్‌కు జే అనే ఆప్షన్ ఇచ్చి ఒకేసారి ఎన్ని ఫైళ్లను కంపైల్ చేయాలో చెప్పవచ్చు. ప్రాసెసర్‌లో ఎన్ని కోర్లు ఉన్నాయో అంత సంఖ్య ఇవ్వడం అలవాటు. కాని టెంప్లేట్లు దండిగా ఉన్న సీ ప్లస్ ప్లస్ ఫైళ్లు ఒక్కొక్కటీ చాలా మెమరీ తీసుకుంటాయి. కోర్లు ఎక్కువ, మెమరీ తక్కువ ఉన్న యంత్రంలో ఆ సంఖ్యను తగ్గించకపోతే, మెమరీ చాలక కెర్నెల్ కంపైలర్‌ను మధ్యలోనే ఆపేస్తుంది. అప్పుడు తెర మీద కనబడే సందేశం కోడ్‌లో తప్పున్నట్టు అనిపించినా, కోడ్‌కు దానితో సంబంధం ఉండదు. మళ్లీ మళ్లీ కంపైల్ చేసేవారికి సీకాష్ అనే పరికరం ఎంతో మేలు చేస్తుంది. ముందు కంపైల్ చేసిన ఫైలు మారకపోతే దాని ఫలితాన్ని అది దాచిన చోటు నుంచి తెచ్చి ఇస్తుంది.

తప్పులు వచ్చినప్పుడు చదవవలసింది మొదటి తప్పును, చివరిదాన్ని కాదు. ఒక్క హెడర్ ఫైలు దొరకకపోతే, దానిలోని పేర్లు వాడిన ప్రతి వరసా తప్పుగానే కనబడుతుంది. తెర మీద వందల వరసలు పరుగెత్తిపోతాయి, చివరి వరస మేక్ విఫలమైందని మాత్రమే చెబుతుంది. చాలామంది సహాయం కోరుతూ ఆ చివరి వరసనే పంపుతారు, దాని నుంచి ఎవరూ ఏమీ చెప్పలేరు. ఒకేసారి అనేక ఫైళ్లు కంపైల్ అవుతున్నప్పుడు సందేశాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి కాబట్టి, తప్పు వచ్చిన తరువాత ఒకే ఫైలు చొప్పున మళ్లీ నడిపిస్తే మొదటి తప్పు స్పష్టంగా బయటపడుతుంది. ఆ తప్పు ఏ దశలో వచ్చిందో చూడాలి. ఫైలు గాని ఫోల్డరు గాని లేదని అంటే హెడర్ దొరకలేదన్నమాట. డెబియన్ వంటి డిస్ట్రిబ్యూషన్లలో లైబ్రరీ ఒక ప్యాకేజీగా, దాని హెడర్లు డెవ్ అనే తోకతో మరో ప్యాకేజీగా ఉంటాయి, బహుశా ఆ రెండోదాన్ని ఇన్‌స్టాల్ చేసి ఉండరు. ఫంక్షన్‌కు తగిన నిర్వచనం దొరకలేదని లింకర్ ఫిర్యాదు చేస్తే, హెడర్ దొరికింది గాని దానికి జతగా ఉండవలసిన లైబ్రరీ దొరకలేదని, లేదా వేరే వెర్షన్ లైబ్రరీ దొరికిందని అర్థం. ఫ్లైట్‌గేర్‌లో ఈ రెండో రకం తప్పు వచ్చి, దొరకని పేరు ముందు ఎస్‌జీ అనే అక్షరాలు కనబడితే, అది దాదాపుగా సిమ్‌గేర్ సంగతి. మనం ముందు చెప్పుకున్న పొంతన అక్కడ చెడిందన్నమాట.

కట్టడం పూర్తయ్యాక ఎఫ్‌జీఎఫ్ఎస్‌ను ఎఫ్‌జీ రూట్ ఆప్షన్ ద్వారా ఎఫ్‌జీడేటా ఫోల్డర్ వైపు చూపించాలి. ఈ పేరుతో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టుకున్నా పనిచేస్తుంది. ఓపెన్‌సీన్‌గ్రాఫ్‌ను కూడా సొంతంగా కట్టి హోమ్ ఫోల్డర్‌లో ఉంచితే, లినక్స్ లోడర్‌కు దాని చోటు తెలియదు కాబట్టి ఆ దారి కూడా చెప్పాలి. లేకపోతే సిస్టమ్‌లోని పాత ఓపెన్‌సీన్‌గ్రాఫ్‌ను అది ఎత్తుకుని, కొన్నిసార్లు ఏమీ చెప్పకుండా నడుస్తుంది, కొన్నిసార్లు కూలిపోతుంది. దృశ్యాలను ముందుగా డౌన్‌లోడ్ చేయనక్కరలేదు. టెర్రాసింక్ ఆన్ చేస్తే విమానం వెళ్లే ప్రాంతాల దృశ్యాలు ఎగురుతూ ఉండగానే వచ్చి చేరతాయి. ప్రోగ్రామ్ తెరుచుకుని సెకనుకు రెండు మూడు ఫ్రేములే వస్తుంటే, మళ్లీ కంపైల్ చేయడానికి పూనుకునే ముందు ఓపెన్‌జీఎల్ రెండరర్ పేరు చూడాలి. అక్కడ ఎల్‌ఎల్‌వీఎంపైప్ అని ఉంటే గ్రాఫిక్స్ కార్డు పనిచేయడం లేదని, ప్రాసెసరే బొమ్మ గీస్తోందని అర్థం. అది డ్రైవర్ సమస్య, మన బిల్డ్‌లో లోపం కాదు.

ఇంతా చేశాక దేన్ని మార్చాలన్న ప్రశ్న వస్తుంది. ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. ఫ్లైట్‌గేర్‌లో చాలా మార్పులకు కంపైలింగే అక్కరలేదు. విమానం బరువు, రెక్క విస్తీర్ణం, గాలి బలాల గుణకాలు జేఎస్‌బీసిమ్ విమానాలకు ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లలో ఉంటాయి. ఆండీ రాస్ రాసిన వైఏసిమ్ విమానాలకైతే రెక్క ఆకారాన్ని ఇస్తే గుణకాలను ప్రోగ్రామే అంచనా కడుతుంది. కాక్‌పిట్‌లోని స్విచ్చుల తర్కం చాలావరకు నాసల్ స్క్రిప్టులలో ఉంటుంది. వీటిని ఎడిటర్‌లో మార్చి, సిమ్యులేటర్‌ను తిరిగి తెరిస్తే చాలు. ఒక విమానం సరిగా ఎగరడం లేదని సోర్స్ కోడ్‌లోకి దిగేవారికి ముందుగా ఆ విమానపు ఎక్స్‌ఎంఎల్ చూడమని చెబుతాను. సోర్స్ అవసరమయ్యేది దాని కింది పొరలకు. ఆ ఎక్స్‌ఎంఎల్‌ను చదివి సమీకరణాలను మామూలుగా సెకనుకు 120 సార్లు పరిష్కరించే జేఎస్‌బీసిమ్ ఇంజన్, వాతావరణ నివేదికను గాలిగా మార్చే కోడ్, రేడియో సంకేతాల దూరాన్ని నిర్ణయించే భాగం, నెట్‌వర్క్‌లో ఇతరుల విమానాలను చూపించే భాగం, ఇవన్నీ సీ ప్లస్ ప్లస్‌లో ఉన్నాయి. జేఎస్‌బీసిమ్ విడిగా ఒక ప్రాజెక్టు అయినా, దాని ప్రతి ఒకటి ఫ్లైట్‌గేర్ సోర్స్ చెట్టులోనే ఉంటుంది. అందులో ఒక ఫైలును మారిస్తే ఆ ఫైలు, దాని మీద ఆధారపడినవి మాత్రమే మళ్లీ కంపైల్ అవుతాయి. మొదటి బిల్డ్‌కు పట్టిన సమయం చూసి భయపడినవారికి ఈ రెండో బిల్డ్ ఎంత చిన్నదో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

ఈ పనులన్నిటినీ ఒక్క కమాండుతో చేసిపెట్టే డౌన్‌లోడ్ అండ్ కంపైల్ అనే స్క్రిప్టును కూడా ప్రాజెక్టువారు నిర్వహిస్తున్నారు. డెబియన్ తరహా సిస్టమ్‌లలో అది ప్యాకేజీలను తెచ్చి, రిపాజిటరీలను సరైన బ్రాంచి మీద ఉంచి, వరసగా కంపైల్ చేస్తుంది. దానిని వాడటంలో తప్పేమీ లేదు, నెలనెలా తాజా కోడ్‌ను కట్టుకునేవారికి అదే హాయి. నా సలహా మాత్రం మొదటిసారి చేత్తో చేయమనే. స్క్రిప్టు ఆగిపోయినప్పుడు ఏ మెట్టు మీద ఆగిందో అర్థం కావాలంటే ఆ మెట్లు ముందే తెలిసి ఉండాలి.

చివరిగా, సోర్స్ నుంచి కట్టుకున్నవారు మాత్రమే చేయగలిగిన ఒక పని గురించి. నిన్నటి వరకు సరిగా ఉన్న ఒక అంశం తాజా కోడ్‌లో చెడిపోయిందనుకుందాం, ఉదాహరణకు ఆటోపైలట్ ఎత్తును నిలబెట్టడం లేదు. గిట్‌లో బైసెక్ట్ అనే సౌకర్యం ఉంది. మంచిదని తెలిసిన ఒక కమిట్‌ను (గిట్‌లో నమోదైన ఒక మార్పును), చెడ్డదని తెలిసిన మరో కమిట్‌ను ఇస్తే, మధ్యలోని కమిట్‌ను ఎంచి మన ముందు పెడుతుంది. దానిని కంపైల్ చేసి, పరీక్షించి, మంచో చెడో చెబితే మిగిలిన సగాన్ని మళ్లీ సగం చేస్తుంది. వెయ్యి కమిట్‌ల మధ్య దాగిన తప్పు పది మెట్లలో దొరుకుతుంది. ఒకే రిపాజిటరీ ఉన్న ప్రాజెక్టులలో ఇది తేలిక. ఫ్లైట్‌గేర్‌లో మూడు రిపాజిటరీలు ఉన్నందువల్ల, ఫ్లైట్‌గేర్‌ను ఆరు నెలల వెనక్కి తీసుకువెళ్లినప్పుడు సిమ్‌గేర్‌నూ ఎఫ్‌జీడేటానూ కూడా అదే తేదీకి తీసుకువెళ్లాలి. గిట్ ఈ పని తనంతట తాను చేయదు. పరీక్షిస్తున్న కమిట్ తేదీని చూసి, మిగతా రెండిటిలో ఆ తేదీకి ముందు చివరగా వచ్చిన కమిట్‌ను చెకౌట్ చేసే చిన్న షెల్ స్క్రిప్టు రాసుకోవాలి. ఇలా దొరికిన కమిట్ సంఖ్యతో పాటు ఆపరేటింగ్ సిస్టమ్, కంపైలర్ వెర్షన్, మూడు రిపాజిటరీలూ ఏ కమిట్‌ల మీద ఉన్నాయన్న వివరం, కూలిపోయే తప్పయితే జీడీబీ ఇచ్చిన బ్యాక్‌ట్రేస్ (కూలిన చోటికి దారితీసిన ఫంక్షన్ల వరస) జోడించి పంపితే, ఆ కోడ్ రాసిన వ్యక్తికి వెతుకులాట తప్పుతుంది. సీ ప్లస్ ప్లస్ రాయడం రానివారు కూడా ఈ పని చేయగలరు.

ఇక మీ ప్రశ్నలు అడగవచ్చు.